రైతు ఖాతాలో పడే సొమ్ము: ఊరికి కనబడని లెక్క

తెలంగాణ ప్రభుత్వం 2025-26 బడ్జెట్‌లో, రైతులకు ఎకరాల లెక్కన పెట్టుబడి సాయం ఇచ్చే రైతు భరోసా పథకానికి రూ.18,000 కోట్లు కేటాయించింది. హైదరాబాద్‌లో శాసనసభ ముందు పెట్టే బడ్జెట్ పుస్తకాల్లో ఇంత పెద్ద మొత్తం కూడా ఒక పద్దుగానే కనిపిస్తుంది. ఊళ్లకు చేరేసరికి అదే మొత్తం లక్షలాది ఫోన్లకు వచ్చే బ్యాంకు మెసేజ్‌గా మారిపోతుంది. ఈ రెండింటి మధ్య ఉండాల్సిన సమాచారం, అంటే ఏ ఊళ్లో ఎన్ని ఎకరాలకు చెల్లించారు, ఎవరికి ఎంత వెళ్లింది, ఎవరికి ఏ కారణంతో ఆపారు అన్నది ప్రభుత్వ సర్వర్లలో గుంటలతో సహా నమోదై ఉంటుంది. ఆ ఊళ్లో ఉండేవారికి మాత్రం అది అంత సులువుగా దొరకదు. రైతుకు నేరుగా నగదు ఇచ్చే పథకాల మీద మన దగ్గర జరిగే చర్చంతా సాధారణంగా ఇవ్వాలా వద్దా, ఎంత ఇవ్వాలి, ఎన్నికల ముందు ఎందుకు ఇచ్చారు అన్న ప్రశ్నల దగ్గరే ఆగిపోతుంది. ఇచ్చినదాని లెక్క ఎవరికి కనబడాలన్న ప్రశ్న పెద్దగా ముందుకు రాలేదు. నిజానికి చిన్న రైతుకు జరిగే నష్టంలో ఎక్కువ భాగం ఈ ప్రశ్నకు సమాధానం లేకపోవడం వల్లే జరుగుతోంది.

ముందుగా పథకం చరిత్ర కొంత చెప్పుకోవాలి. ఇప్పటి రైతు భరోసాకు ముందున్న రైతుబంధు 2018 మే 10న కరీంనగర్ జిల్లా హుజూరాబాద్ నియోజకవర్గంలోని శాలపల్లి-ఇందిరానగర్‌లో మొదలైంది. ఎకరాకు సీజనుకు రూ.4,000 చొప్పున వానాకాలానికి, యాసంగికి కలిపి ఏడాదికి రూ.8,000 ఇచ్చారు. మరుసటి ఏడాది నుంచి దాన్ని రూ.10,000 చేశారు. భూమికి గరిష్ఠ పరిమితి పెట్టలేదు, కౌలుదారులను చేర్చలేదు. పట్టాదారు పాసుపుస్తకంలో ఎన్ని ఎకరాలుంటే అన్ని ఎకరాలకూ సొమ్ము ఇచ్చారు. కేంద్ర ప్రభుత్వం 2019 ఫిబ్రవరి 24న ప్రారంభించిన పీఎం-కిసాన్ దీనికి భిన్నమైనది. అందులో ఎన్ని ఎకరాలున్నా కుటుంబానికి ఏడాదికి రూ.6,000 మాత్రమే, అదీ రూ.2,000 చొప్పున మూడు విడతల్లో ఇస్తారు. మొదట రెండు హెక్టార్ల లోపు వారికే అన్నారు, కొద్ది నెలలకే ఆ పరిమితి ఎత్తేశారు. అయితే ఆదాయపు పన్ను కట్టేవారికి, కింది స్థాయి సిబ్బంది మినహా ప్రభుత్వ ఉద్యోగులకు, నెలకు రూ.10,000 అంతకు మించి పింఛను పొందేవారికి, వృత్తిలో ఉన్న డాక్టర్లకు, లాయర్లకు వర్తించదని షరతులు పెట్టారు. రాష్ట్రంలో ప్రభుత్వం మారాక రైతుబంధు స్థానంలో వచ్చిన రైతు భరోసాను 2025 జనవరి 26న ప్రారంభించి, ఎకరాకు ఏడాదికి రూ.12,000 చేశారు. రాళ్లు, గుట్టలు, రోడ్లు, గనులు, ఇళ్ల లేఅవుట్లుగా మారిన భూములను మినహాయించి సాగుకు యోగ్యమైన భూమికే ఇస్తామన్నారు.

ఈ రెండు పద్ధతుల్లో లెక్క చూపాల్సిన తీరు కూడా వేరుగా ఉంటుంది. కుటుంబానికి ఇంత అని ఒకే మొత్తం ఇచ్చేచోట పేర్ల జాబితా ఉంటే చాలు, ఎవరికి ఎంత అందిందో దాన్నిబట్టే తెలిసిపోతుంది. ఎకరాల చొప్పున ఇచ్చేచోట పేరు ఒక్కటే సరిపోదు. ముప్పై గుంటలున్న (ఎకరానికి నలభై గుంటలు) రైతుకు ఏడాదికి తొమ్మిది వేలు వస్తే, నలభై ఎకరాలున్న ఆసామికి నాలుగు లక్షల ఎనభై వేలు వస్తాయి. ఇద్దరినీ కలిపి లబ్ధిదారులు ఇద్దరు అని రాస్తే లెక్క తప్పు కాదు గానీ, ఆ లెక్క వల్ల తెలిసేది ఏమీ ఉండదు. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం తెలంగాణలో దాదాపు 59 లక్షల కమతాలున్నాయి, సగటు కమతం ఒక హెక్టారు, మొత్తం కమతాల్లో సుమారు 88 శాతం రెండు హెక్టార్ల లోపువే. ప్రభుత్వాలు ఏవైనా సరే లబ్ధిదారుల్లో అత్యధికులు చిన్న రైతులేనని చెప్పడానికి ఇలాంటి లెక్కలనే ఆధారం చేసుకుంటాయి. మనుషుల సంఖ్య వరకు అది నిజమే. సొమ్ములో ఎంత వాటా ఎవరికి వెళ్లిందన్నది వేరే లెక్క, ఆ రెండోదాన్ని అడిగితే తప్ప ఎవరూ చెప్పరు.

చెక్కు పోయి మెసేజ్ వచ్చింది

2018 వానాకాలంలో రైతుబంధు సొమ్మును చెక్కుల రూపంలో ఊళ్లోనే సభ పెట్టి, కొత్త పాసుపుస్తకాలతో పాటు పంచారు. ఎండలో వరుసలో నిలబడటం, చెక్కు పట్టుకుని మళ్లీ బ్యాంకుకు వెళ్లడం రైతులకు ఇబ్బందిగానే ఉండేది. కానీ అందులో ఎవరూ ఉద్దేశపూర్వకంగా పెట్టని ఒక మేలుంది. అందరి ముందు పేరు పిలిచి చెక్కు ఇస్తారు కాబట్టి ఎవరి పేరు పిలిచారో, ఎవరిది పిలవలేదో, హైదరాబాద్‌లో ఉంటున్న ఏ పట్టాదారు చెక్కు ఎవరూ రాక మిగిలిపోయిందో ఊరంతటికీ తెలిసేది. అదే ఏడాది అసెంబ్లీ ఎన్నికల కోడ్ అమల్లోకి రావడంతో యాసంగి సొమ్మును సభలు పెట్టి పంచవద్దని, నేరుగా బ్యాంకు ఖాతాల్లో వేయాలని ఎన్నికల సంఘం ఆదేశించింది. ఎన్నికలు ముగిశాక కూడా ఆ పద్ధతే స్థిరపడింది. రైతుకు తిప్పలు తప్పాయి, మధ్యలో చేతులు తడపాల్సిన అవసరం తగ్గింది, ఆ మేరకు ఇది మంచి మార్పే. అయితే ఊరందరికీ తెలిసే విషయం ఆ మార్పుతో ఎవరి ఫోన్‌లో వారు చూసుకునే విషయంగా మారింది. పోయిన బహిరంగ సభకు బదులు మరో బహిరంగ ఏర్పాటు ఉండాలని ఆనాడు ఎవరికీ తోచినట్టు లేదు.

ఈ లోటు పూడ్చడానికి ఉందని అధికారులు చెప్పేది ఆన్‌లైన్‌లో స్టేటస్ చూసుకునే సౌకర్యం. పాసుపుస్తకం నంబరు కొడితే ఆ ఖాతాకు ఏ సీజనులో ఎంత వెళ్లిందో తెలుస్తుంది. ఇది ఉపయోగకరమైనదే, కానీ దీన్ని పారదర్శకత అనడం పొరపాటు. కరెంటు బిల్లు కట్టామో లేదో చూసుకోవడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే, వినియోగదారుడికి ఇచ్చే సేవ. ఎవరి నంబరు చేతిలో ఉంటే వారి వివరం మాత్రమే తెలిసే ఏర్పాటులో, తన సర్వే నంబరు మీద వేరొకరు సొమ్ము తీసుకుంటున్నారని గానీ, ఊరి పక్క ప్లాట్ల రాళ్లు పాతిన వెంచరుకు ఇంకా పెట్టుబడి సాయం వెళుతోందని గానీ రైతుకు తెలిసే దారి ఉండదు. పీఎం-కిసాన్ వెబ్‌సైట్‌లో రాష్ట్రం, జిల్లా, మండలం, గ్రామం ఎంచుకుంటే ఊరి లబ్ధిదారుల పేర్లు వరుసగా కనబడతాయి. రాష్ట్రం ఇచ్చే సాయం విషయంలో ఊరిని ఎంచుకుని, ఎకరాలతో సహా చూడగలిగే అలాంటి జాబితా రైతుబంధు కాలంలో సామాన్యుడికి అలవాటు కాలేదు. ఇచ్చేది ఎకరాకింత అయినప్పుడే ఆ జాబితా అవసరం ఎక్కువని మాత్రం గుర్తుంచుకోవాలి.

కూలీకి ఒక న్యాయం

ఈ వ్యవహారంలో నాకు అన్నిటికన్నా ఎబ్బెట్టుగా కనబడేది ఇక్కడుంది. ఉపాధి హామీ పథకం దేశంలో మొదలైనది 2006 ఫిబ్రవరి 2న, మన తెలుగు నేల మీద, అనంతపురం జిల్లా బండ్లపల్లిలో. ఆ పథకం వెబ్‌సైట్‌లో ఏళ్ల తరబడి కూలీ పేరు, జాబ్‌కార్డు నంబరు, ఏ మస్టరులో (హాజరు పట్టికలో) ఎన్ని రోజులు పని చేశారు, ఎంత కూలి వచ్చింది అన్నది దేశంలో ఎక్కడున్నవారైనా చూడగలిగేలా పెట్టారు. చట్టంలోని 17వ సెక్షన్ సామాజిక తనిఖీని తప్పనిసరి చేసింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దానికోసం 2009లో ప్రత్యేకంగా ఒక సొసైటీనే ఏర్పాటు చేశారు. తనిఖీ బృందాలు మస్టర్లు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి, నువ్వు పని చేశావా, ఇంత సొమ్ము నీకు ముట్టిందా అని అడిగి, చివరికి మండల స్థాయిలో బహిరంగ విచారణ పెట్టి, తిన్న సొమ్మును కక్కించే పద్ధతిని దేశమంతా వచ్చి చూసి వెళ్లింది. రోజంతా తట్ట మోసి కూలి తీసుకున్న మనిషి వివరాలు బయటపెట్టడానికి ఎవరికీ గోప్యత గుర్తురాలేదు. భూమి ఉన్నందుకు ఎకరాకు ఇంత చొప్పున ఖజానా సొమ్ము పొందే పట్టాదారు దగ్గరికి వచ్చేసరికి మాత్రం అది వ్యక్తిగత సమాచారం అయిపోతుంది.

ఈ తేడా 2025 జనవరిలో మరింత కొట్టొచ్చినట్టు కనబడింది. భూమి లేని వ్యవసాయ కూలీ కుటుంబాలకు ఏడాదికి రూ.12,000 ఇచ్చే ఇందిరమ్మ ఆత్మీయ భరోసాకు, 2023-24లో ఉపాధి హామీలో కనీసం 20 రోజులు పని చేసి ఉండాలని షరతు పెట్టారు. అర్హుల జాబితాలను జనవరి 21 నుంచి 24 వరకు జరిగిన గ్రామసభల్లో చదివారు. అక్కడే వాదోపవాదాలు జరిగాయి, పేర్లు ఎందుకు లేవని జనం నిలదీశారు, కొన్నిచోట్ల సభలు రసాభాస అయ్యాయి. ఆ రభస చూసి గ్రామసభలు విఫలమయ్యాయని రాసినవారున్నారు. జాబితా బయటపెడితే అడిగేవారు ఉంటారు. అడగడానికి వీలున్నందువల్లే ఆ సభల్లో అంత గొడవ జరిగింది. అవే సభల ముందు రైతు భరోసా కోసం సాగుకు యోగ్యం కాని భూముల జాబితాను కూడా ఉంచాలని అధికారులకు ఆదేశాలు వెళ్లాయి. రాష్ట్రం ఇచ్చే పెట్టుబడి సాయం చరిత్రలో ఊరి ముందుకు లెక్క తెచ్చిన సందర్భాల్లో దీన్ని ముఖ్యమైనదిగా చెప్పుకోవాలి. కానీ అది మినహాయించిన భూముల జాబితా. చెల్లించిన భూములకు కూడా అలాంటి జాబితాను ప్రతి సీజనులో ఊరి ముందు పెట్టే సంప్రదాయం ఇంకా ఏర్పడలేదు.

మినహాయింపు ఎందుకు పెట్టాల్సి వచ్చిందో హైదరాబాద్ చుట్టూ ఉన్నవారికి వేరే చెప్పనక్కరలేదు. షాద్‌నగర్ వైపో, శంకర్‌పల్లి వైపో ఫామ్ ప్లాట్లు అమ్మిన రియల్ ఎస్టేట్ ప్రకటనల్లో మామిడి మొక్కలు, డ్రిప్, ఫెన్సింగ్‌తో పాటు, పాసుపుస్తకం వస్తుంది, రైతుబంధు కూడా పడుతుంది అని రాయడం ఒక దశలో మామూలైపోయింది. రైతుబంధు కింద పంచిన ఎనభై వేల కోట్లకు పైగా మొత్తంలో ఇరవై వేల కోట్లకు పైగా సాగు చేయని భూములకు వెళ్లిందని 2024 డిసెంబరులో కాంగ్రెస్ ప్రభుత్వం శాసనసభలో చెప్పింది, ప్రతిపక్షం దాన్ని ఒప్పుకోలేదు. ఎవరి మాట ఎంతవరకు సరైనదో తేల్చే ఆధారం పౌరుడి చేతిలో లేదన్నది ఇక్కడ అసలు సమస్య. ఊరివారీగా, సర్వే నంబరువారీగా చెల్లింపులు ఏటా బయట ఉండి ఉంటే, ఆ భూముల్లో పంట ఉందో లేదో ఆయా ఊళ్లవాళ్లే మొదటి ఏడాదిలోనే చెప్పి ఉండేవారు. ఆరేళ్ల తర్వాత సభలో వాదించుకోవాల్సిన అవసరం ఉండేది కాదు. స్వచ్ఛందంగా సాయం వదులుకునే వీలు రైతుబంధులో మొదటి నుంచీ ఉంది, కొందరు ప్రముఖులు వదులుకున్నారు కూడా. ఎవరికీ కనబడని లెక్కలో సొమ్మును వదులుకొమ్మని అడిగితే ఎందరు ముందుకొస్తారో ఊహించడం కష్టం కాదు.

కేంద్ర పథకంలో షరతులు కచ్చితంగా ఉన్నా తప్పులు జరగకుండా పోలేదు. అనర్హులైన సుమారు 42 లక్షల మందికి దాదాపు రూ.3,000 కోట్లు వెళ్లినట్టు 2021 జులైలో కేంద్ర వ్యవసాయ మంత్రి పార్లమెంటుకు చెప్పారు. తమిళనాడులో 2020లో బయటపడిన వ్యవహారంలో లాగిన్ వివరాలు చేతులు మారి, భూమే లేని లక్షల మంది పేర్లు జాబితాలోకి ఎక్కి, దాదాపు రూ.110 కోట్లు దారి మళ్లింది. అక్కడ ఊరి పేర్లు వెబ్‌సైట్‌లో ఉన్నాయి కదా, మరి ఎందుకు ఆగలేదని అడగవచ్చు. ఆ జాబితాలో పేరు ఉంటుంది గానీ ఏ భూమిని చూపి ఆ పేరు చేర్చారో ఉండదు. పైగా ఇంటర్నెట్‌లో ఎక్కడో ఉన్న జాబితాను ఊళ్లో గోడ మీదికి తెచ్చి, చదివి, అభ్యంతరాలు తీసుకునే బాధ్యత ఎవరికీ అప్పగించలేదు. ఉపాధి హామీలో తనిఖీ పనిచేసిందంటే వెబ్‌సైట్ ఒక్కటే కారణం కాదు, ఆ వెబ్‌సైట్‌లోని కాగితం పట్టుకుని ఇంటి తలుపు తట్టిన మనుషులు కూడా ఉన్నారు.

రానివాడికి చెప్పే సమాధానం

అనర్హులకు వెళ్లిన సొమ్ము గురించి వార్తలు వస్తాయి. అర్హుడై ఉండీ రాని రైతు గురించి మాత్రం అంతగా రావు, చిన్న రైతు ఎక్కువగా నష్టపోయేది మాత్రం అక్కడే. రాష్ట్రంలో ఐదు వేల ఎకరాలకు ఒక క్లస్టరు చొప్పున, రైతులు సమావేశమయ్యేందుకు 2,601 రైతు వేదికలు కట్టారు. సొమ్ము విడుదలైన వారంలో వాటిలో ఏదో ఒకదానికి వెళ్లి కూర్చుంటే ఏఈవో (వ్యవసాయ విస్తరణాధికారి) బల్ల ముందు ఒకే ప్రశ్న పదేపదే వినబడుతుంది: అందరికీ పడింది, నాకెందుకు పడలేదు సారూ? ఏఈవో తన ఫోన్‌లోనో ట్యాబ్‌లోనో చూసి చెప్పే సమాధానాలు రకరకాలుగా ఉంటాయి. ఖాతాకు ఆధార్ జతకాలేదు, పేరులో అక్షరం తేడా ఉంది, తండ్రి చనిపోయాక విరాసత్ (వారసుల పేరున భూమి మార్పు) ఇంకా పూర్తి కాలేదు, 2017 చివరి భూ రికార్డుల ప్రక్షాళనలో ఆ భూమి వివాదాల జాబితా అయిన పార్ట్-బీలో పడింది, బ్యాంకు శాఖను గుర్తించే ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ మారింది. ఈ చివరి కారణం వినడానికి చిన్నదే. కానీ 2020లో ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసింది, 2025 జనవరి 1న ఏపీజీవీబీ (ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు) తెలంగాణ శాఖలు తెలంగాణ గ్రామీణ బ్యాంకులో కలిశాయి. అలా విలీనాలు జరిగినప్పుడల్లా రైతు తప్పేమీ లేకుండానే అతని ఖాతా వివరాలు పాతబడిపోతాయి.

ఏఈవో చెప్పే ఆ కారణం నోటిమాటగానే ఉంటుంది. రాతపూర్వకంగా ఇవ్వరు, ఎవరు సరిచేయాలో, ఎన్నాళ్లలో చేయాలో అందులో ఉండదు. వ్యవసాయ శాఖ తహసీల్దారు దగ్గరికి పొమ్మంటుంది, అక్కడివారు మీసేవలో దరఖాస్తు పెట్టమంటారు, బ్యాంకువారు మాకు సొమ్ము రాలేదు, పైవాళ్లను అడగమంటారు. 2024 జులై 18 నుంచి ఆగస్టు 15 వరకు మూడు విడతల్లో రూ.2 లక్షల వరకు రుణమాఫీ చేసినప్పుడు ఇదే మరింత పెద్ద ఎత్తున జరిగింది. రేషన్ కార్డు ఆధారంగా కుటుంబాన్ని నిర్ధారించడంతో, కార్డు లేనివారు, కార్డులో పేర్లు కలగలిసినవారు, రూ.2 లక్షలకు కొద్దిగా పైన అప్పున్నవారు తమకెందుకు రాలేదో తెలియక వ్యవసాయ కార్యాలయాల ముందు వరుస కట్టారు. తిరస్కరించిన ప్రతి పేరు పక్కన కారణాన్ని ఒక కోడ్‌గా రాసి, ఆ జాబితాను రైతు వేదికలోనూ పంచాయతీ గోడ మీదా అంటిస్తే వీటిలో ఎక్కువ ప్రశ్నలకు అక్కడికక్కడే జవాబు దొరికేది. కారణాలు ఒకచోట చేరితే, ఫలానా మండలంలో వందల మందికి ఒకే బ్యాంకు శాఖ వల్ల ఆగిపోయిందన్న సంగతి కూడా పై అధికారులకు కనబడేది. ఎవరికి వారు విడివిడిగా తిరిగినంత కాలం అది వ్యక్తిగత సమస్యగానే మిగిలిపోతుంది.

గోప్యత నిజమే, కానీ ఎంతవరకు

బయటపెట్టడం అంటే అన్నీ బయటపెట్టడం కాదని ఇక్కడ గట్టిగా చెప్పుకోవాలి. బెంగళూరులోని ఒక పరిశోధన సంస్థ 2017 మేలో ఇచ్చిన నివేదికలో, నాలుగు ప్రభుత్వ వెబ్‌సైట్ల నుంచి దాదాపు 13 కోట్ల ఆధార్ నంబర్లు బయటికి కనబడుతున్నట్టు తేలింది. వాటిలో రెండు ఆంధ్రప్రదేశ్‌వే, ఒకటి ఉపాధి హామీ చెల్లింపులది, రెండోది చంద్రన్న బీమాది. లెక్క చూపే పేరుతో ఆధార్, బ్యాంకు ఖాతా, ఫోన్ నంబరు బజారున పెడితే మోసగాళ్లకు పని సులువు చేసినట్టే అవుతుంది. సొమ్ము పడ్డ రోజే ఇంటి ముందుకు వచ్చే అప్పులవాళ్లు, పాత పంటరుణం బాకీలో సాయాన్ని జమ చేసుకునే బ్యాంకులు మన రైతులకు కొత్త కాదు. అందువల్ల ఏ వివరం ఎవరికి ఏ పనికి అవసరమో విడదీసి చూడాలి. ఊరివాళ్లు తనిఖీ చేయడానికి పట్టాదారు పేరు, సర్వే నంబరు, విస్తీర్ణం, చెల్లించిన మొత్తం కావాలి. వీటిలో మొదటి మూడూ భూ రికార్డుల్లో ఎటూ ఉండేవే. ఖాతా నంబరు, ఆధార్, ఫోన్ వీటిలో ఏ ఒక్కటీ ఆ పనికి అక్కరలేదు.

ఈ చిక్కును మనకంటే ముందు ఎదుర్కొన్నవారున్నారు. ఐరోపా సమాఖ్య తన ఉమ్మడి వ్యవసాయ విధానం కింద సబ్సిడీలు పొందే ప్రతి ఒక్కరి పేరు, మొత్తం ఇంటర్నెట్‌లో పెట్టాలని 2008లో నిబంధన తెచ్చింది. అంతకుముందే అక్కడి పాత్రికేయులు, కార్యకర్తలు సమాచార చట్టాలను వాడుకుని లెక్కలు తీయించగా, చిన్న రైతు పేరు మీద నడిచే పథకంలో పెద్ద కంపెనీలు, సంపన్న భూస్వాములు ఎంత తీసుకుంటున్నారో బయటపడి పెద్ద దుమారం రేగింది. జర్మనీలోని హెస్సే రాష్ట్రానికి చెందిన ఇద్దరు లబ్ధిదారులు దీనిపై కోర్టుకు వెళ్లారు. 2010 నవంబరు 9న ఐరోపా న్యాయస్థానం, చిన్నా పెద్దా తేడా చూడకుండా, ఎంతకాలం ఏ స్వభావపు సాయం పొందారన్నది పట్టించుకోకుండా వ్యక్తులందరి పేర్లూ ప్రచురించడం గోప్యత హక్కును అవసరానికి మించి దెబ్బతీస్తుందని, వ్యక్తుల వరకు ఆ నిబంధన చెల్లదని తీర్పు ఇచ్చింది. సంస్థల పేర్లు ప్రచురించడాన్ని మాత్రం సమర్థించింది. ఆ తీర్పు తర్వాత ఐరోపా జాబితా మొత్తాన్నీ మూసేయకుండా, 2013లో నిబంధన మార్చి వ్యక్తుల పేర్లను మళ్లీ ప్రచురించింది. అయితే చిన్న మొత్తాలు, గరిష్ఠంగా ఏడాదికి 1,250 యూరోల లోపు, పొందేవారి పేరుకు బదులు ఒక కోడ్ పెట్టి, ఊరు, మొత్తం మాత్రం చూపించింది.

ఆ పద్ధతి మన అవసరానికి చాలా దగ్గరగా ఉంది. ఐదెకరాల లోపు రైతుల పేర్లు ఊరి గోడ మీద, గ్రామసభలో ఉంటే చాలు, అక్కడివారికి ఎటూ తెలిసిన మనుషులే కాబట్టి వాటిని ప్రపంచమంతా చూసేలా ఇంటర్నెట్‌లో పెట్టాల్సిన పని లేదు. ఒక పరిమితికి మించి తీసుకునేవారి పేర్లు మాత్రం రాష్ట్రమంతటికీ కనబడాలి. ఆ పరిమితి పదెకరాలా పదిహేనా అన్నది చర్చించి తేల్చుకోవచ్చు. ఇలా విభజించడం సాంకేతికంగా కష్టమనే సాకు కూడా చెల్లదు. 2025 ఫిబ్రవరిలో రైతు భరోసా సొమ్మును మొదట ఎకరం లోపు వారికి, తర్వాత రెండెకరాల వారికి, ఆ తర్వాత మూడెకరాల వారికి అంటూ అంచెలుగా ప్రభుత్వమే వేసింది. జూన్‌లో తొమ్మిది రోజుల్లో దాదాపు రూ.9,000 కోట్లు వేసినట్టు ప్రకటించింది. విస్తీర్ణాన్ని బట్టి సొమ్ము వేయగలిగిన వ్యవస్థ విస్తీర్ణాన్ని బట్టి జాబితా ఇవ్వలేదంటే నమ్మడం కష్టం.

రాజస్థాన్ ప్రభుత్వం 2019లో ప్రారంభించిన జన సూచన పోర్టల్‌లో అనేక పథకాల లబ్ధిదారుల సమాచారం పంచాయతీవారీగా, ఎవరూ అడగకుండానే కనబడుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో వైఎస్సార్ రైతు భరోసా అమలైన కాలంలో అర్హుల జాబితాలను సామాజిక తనిఖీ పేరుతో రైతు భరోసా కేంద్రాల్లో ప్రదర్శించేవారు. అంటే పొరుగున ఇప్పటికే చేసి చూసిన పనే ఇది.

అయితే జాబితా ఎంత బాగా పెట్టినా అందులో కనబడని ఒక మనిషి ఉన్నాడు, కౌలుదారు. రైతుల సమస్యలపై పనిచేసే రైతు స్వరాజ్య వేదిక 2022లో 20 జిల్లాల్లోని 34 గ్రామాల్లో ఏడు వేల మందికి పైగా రైతులను కలిసి చేసిన సర్వేలో దాదాపు 36 శాతం మంది కౌలుకు చేసేవారేనని, వారిలో 97 శాతానికి పైగా రైతుబంధు అందనివారేనని తేలింది. కౌలుదారులకు గుర్తింపు కార్డులిచ్చే చట్టం ఉమ్మడి రాష్ట్రంలో 2011లోనే వచ్చింది, తెలంగాణలో తర్వాత అమలుకు నోచుకోలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో తెచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం భూ యజమాని సంతకం అడుగుతుంది కాబట్టి సంతకం పెట్టని యజమాని దగ్గర అది ఆగిపోతుంది. కౌలుదారు రికార్డులో లేనంతవరకు, యజమానికి వెళ్లిన సాయం జాబితాలో సక్రమమైన చెల్లింపుగానే కనిపిస్తుంది, అందులో తప్పు పట్టడానికి తనిఖీ బృందానికి కూడా ఏమీ దొరకదు. పంట సాగు చేస్తున్నది ఎవరన్న వివరాన్ని పంట నమోదు సమయంలోనే రాసి, చెల్లింపు జాబితా పక్కన ఉంచితే కనీసం ఆ తేడా ఎంతో అయినా తెలుస్తుంది.

రైతు ఖాతాకు కాకుండా సంస్థలకు వెళ్లే సబ్సిడీల సంగతి ఇంకా దూరం. 45 కిలోల యూరియా బస్తా రైతుకు రూ.266.50కి దొరుకుతుందంటే మిగతా ఖర్చు కేంద్రం ఎరువుల కంపెనీలకు చెల్లిస్తుంది. బోరుమోటార్ల ఉచిత కరెంటుకు రాష్ట్రం డిస్కంలకు (విద్యుత్ పంపిణీ సంస్థలకు) చెల్లిస్తుంది, మోటార్లకు మీటర్లు లేవు కాబట్టి వాడకం అంచనా మీదే నడుస్తుంది. వాటి లెక్క వేరే వ్యాసమే అవుతుంది.

చట్టం ఏమంటోంది

పైన చెప్పినదంతా కొత్త కోరిక కాదు. 2005 నాటి సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్ ప్రతి ప్రభుత్వ కార్యాలయం తనంతట తానే ప్రచురించాల్సిన విషయాలను చెబుతుంది. వాటిలో పన్నెండోది సబ్సిడీ పథకాల అమలు తీరు, కేటాయించిన మొత్తాలు, లబ్ధిదారుల వివరాలు. ఇరవై ఏళ్లుగా ఈ వాక్యం చట్టంలో ఉంది. దీనికి ఎదురుగా నిలిచేది అదే చట్టంలోని 8(1)(జె). వ్యక్తిగత సమాచారమైనా ప్రజాప్రయోజనం ఉంటే ఇవ్వాలని, పార్లమెంటుకో శాసనసభకో నిరాకరించలేని సమాచారాన్ని పౌరుడికీ నిరాకరించకూడదని మొదట్లో అక్కడ రాసి ఉండేది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 44వ సెక్షన్ ద్వారా ఆ మాటలు తొలగించి, వ్యక్తిగత సమాచారం అయితే చాలు నిరాకరించవచ్చన్నట్టు కుదించారు. 2025 నవంబరులో అది అమల్లోకి వచ్చింది. లబ్ధిదారుల వివరాలు ప్రచురించమనే నాలుగో సెక్షన్‌ను ఎవరూ ముట్టుకోలేదు, కానీ ఎనిమిదో సెక్షన్ మొదలయ్యేదే ఈ చట్టంలో ఏమున్నప్పటికీ అన్న మాటతో. కాబట్టి ఇవ్వడం ఇష్టం లేని అధికారికి చేతిలో ఒక కారణం సిద్ధంగా ఉంది. హాని కంటే ప్రజాప్రయోజనం ఎక్కువైతే ఇవ్వవచ్చనే 8(2) మాత్రం అలాగే ఉంది.

ఈ పరిస్థితిలో దరఖాస్తు రాసేవారు అడిగే తీరు మార్చుకోవడం మంచిది. మా ఊరి లబ్ధిదారులందరి పేర్లు ఇవ్వండి అని అడిగితే 8(1)(జె) చూపి తిప్పి పంపే అవకాశం ఎక్కువ. అదే, మా గ్రామంలో ఎకరం లోపు, ఐదెకరాల లోపు, పదెకరాల పైన ఎందరికి ఎంత మొత్తం చెల్లించారు, ఏ సర్వే నంబర్లకు ఏ కారణంతో ఆపారు, సాగుకు యోగ్యం కానివిగా తొలగించిన విస్తీర్ణం ఎంత అని అడిగితే అందులో ఏ వ్యక్తి సమాచారమూ లేదు, నిరాకరించడానికి దారి తక్కువ. గ్రామ స్థాయిలో దరఖాస్తుకు రుసుము లేదు, మండల స్థాయిలో రూ.5, ఆపైన రూ.10. అందువల్ల మండల వ్యవసాయాధికారికే పెట్టుకోవడం తేలిక. ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే ఆ శాఖలోనే పై అధికారికి మొదటి అప్పీలు, అక్కడా తేలకపోతే తొంభై రోజుల్లోగా హైదరాబాద్‌లో మొజంజాహీ మార్కెట్ దగ్గరి సమాచార హక్కు భవన్‌లో ఉన్న రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు చేసుకోవచ్చు. ఆ కమిషన్ 2023 ఫిబ్రవరి నుంచి 2025 మే వరకు కమిషనర్లే లేకుండా ఉండిపోయింది. ఆ రెండేళ్లలో దాఖలైన అప్పీళ్లు కొత్తవాటికంటే వరుసలో ముందుంటాయి కాబట్టి, తీర్పు అదే సీజనులో వస్తుందని ఆశించకుండా, మొదటి దరఖాస్తులోనే గత రెండు మూడు సీజన్ల వివరాలు కూడా కలిపి అడగడం మేలు.